పలక మారిస్తే పాఠం ఎక్కుతుంది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: పల్లెల్లో కొందరు పిల్లలకు రెండు పేర్లు ఉంటాయి. తల్లిదండ్రులు పెట్టినది, బడి రిజిస్టరులో రాసుకున్నది ఒకటి. ఊరు పెట్టినది మరొకటి. గుడ్డోడు, చెవిటిది, కుంటోడు, పిచ్చోడు. ఈ రెండవ పేరే వాడుకలో నిలిచిపోతుంది. మొదటి పేరు ఎప్పుడో ఒకసారి పింఛను కాగితం మీదనో, వైద్యశిబిరంలోనో వినిపిస్తుంది.

ఇటువంటి పిల్లలను బడిలో చేర్చుకోవడం ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది. చేర్చుకున్న తరువాత వారికి చదువు చెప్పడం ఎట్లా అన్న దగ్గరనే బండి ఆగిపోతున్నది. "మావోనికి చదువు రాదు సారూ, ఊరికె కూసోబెట్టుకోండ్రి" అని తల్లి అంటుంది. సారు నిజంగానే ఊరికే కూర్చోబెట్టుకుంటాడు. అయిదేండ్లు అట్లా వెనుక వరుసలో గడిచిపోతాయి.

అందరికీ చెప్పిన తీరుగా చెబితే ఆ పిల్లలకు చదువు రాదన్నది నిజమే. తీరు మార్చి చెబితే వస్తుందన్నది కూడా అంతే నిజం. ఆ తీరులో మంత్రమేమీ లేదు. కన్ను పని చేయని బిడ్డకు వేలితో, చెవి పని చేయని బిడ్డకు కంటితో, బుద్ధి నెమ్మదిగా నడిచే బిడ్డకు పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి అందించడమే దాని సారాంశం. ఇందులో చాలా భాగం ఇంటి వద్ద తల్లి, నాయనమ్మ చేయదగిన పనే. ఆ సంగతి చెప్పేవారు లేకనే పిల్లలు అరుగుల మీద మిగిలిపోతున్నారు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు ఏర్పడిన ఈ మూడు జిల్లాలలోనూ మండల స్థాయిలో భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ విద్యా మిషన్ నడిచిన రోజుల్లోనే ఈ పేరు వచ్చింది. ఇప్పుడివి సమగ్ర శిక్షా పథకం కింద ఉన్నాయి. ఐఈఆర్పీలని పిలిచే ప్రత్యేక టీచర్లు ఇక్కడ పిల్లలకు పాఠాలు చెబుతారు. ఫిజియోథెరపిస్టు నిర్ణయించిన రోజున వచ్చి కాళ్లకు, చేతులకు వ్యాయామం చేయిస్తారు. కదలలేని పిల్లల ఇళ్లకు టీచరే వెళ్లవలసి ఉంటుంది. గద్వాల పట్టణంలో ఇల్లు ఉన్నవారికి ఈ ఏర్పాటు అందుబాటులో ఉన్నట్లే. గట్టు, అయిజ వైపు పల్లె నుంచో, నల్లమలలో అమ్రాబాద్, లింగాల వైపు చెంచు పెంటల నుంచో చూస్తే అదే కేంద్రం చాలా దూరాన కనిపిస్తుంది.

ఆరు చుక్కల ఓనమాలు

చూపు లేని పిల్లలకు అక్షరాలు చెప్పే బ్రెయిలు లిపి గురించి వినని వారుండరు. దాని పని తీరు తెలిసినవారు మాత్రం తక్కువ. 1809లో ఫ్రాన్సులో పుట్టిన లూయీ బ్రెయిల్ మూడేండ్ల వయసులో, గుర్రపు జీనులు కుట్టే తండ్రి దుకాణంలో, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరెతో ఆడుకుంటూ కన్ను పోగొట్టుకున్నాడు. పుండు రెండవ కంటికీ పాకింది. పదిహేనేండ్ల వయసు వచ్చేసరికి అతనే ఆరు చుక్కలతో ఒక లిపిని తయారు చేశాడు. ఆ చుక్కలను కాగితం మీద పొడిచే పనిముట్టు కూడా చూడటానికి ఆరె మాదిరిగానే ఉండటం విచిత్రం.

ఎడమ వైపు పై నుంచి కిందికి 1, 2, 3; కుడి వైపు 4, 5, 6. ఇవే ఆ ఆరు చుక్కలు. మన దేశంలో 1951లో భారతి బ్రెయిలును ఆమోదించినప్పటి నుంచి తెలుగు పిల్లవానికీ, హిందీ పిల్లవానికీ ఒకే ధ్వనికి ఒకే చుక్కలు. ఒకటో చుక్క ఒక్కటే ఉంటే 'అ'. ఒకటి, మూడు కలిస్తే 'క'. ఒకటి, రెండు, మూడు కలిస్తే 'ల'. 'కల' అన్న మాటకు రెండే గడులు సరిపోతాయి. మన లిపిలో పిల్లలను ఏడిపించే గుణింతాలు, ఒత్తులు ఇక్కడ లేవు. 'కి' రాయాలంటే 'క' పక్కన 'ఇ' రాస్తే చాలు. ఒత్తుకు బదులు నాలుగో చుక్కను హల్లుకు ముందు పెడతారు. 'అమ్మ' అంటే 'అ', ఆపైన నాలుగో చుక్క, తరువాత రెండు 'మ'లు. గుణింతం దగ్గర తడబడే చూపున్న పిల్లలకంటే బ్రెయిలు పిల్లవాడు ఈ ఒక్క విషయంలో సుఖపడుతున్నాడని చెప్పవచ్చు.

కష్టమంతా రాతలో ఉన్నది. పలక మీద కాగితం బిగించి వెనుక వైపు నుంచి పొడవాలి కనుక కుడి నుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుకోవాలి. వేలి కొసకు ఆ స్పర్శ రావాలంటే ముందు సాధన కావాలి. ఇది ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. చాటలో జొన్నలు, కందులు, పెసలు, పల్లికాయలు కలిపి పోసి వేరు చేయించడం పాత పద్ధతి. పాలమూరు ఇళ్లల్లో ఆముదాలు కూడా చేతికి అందేచోటే ఉంటాయి. అవి మాత్రం వాడరాదు. ఆముదపు గింజ నమిలి మింగితే విషం. కోడిగుడ్ల అట్ట నుంచి ఆరు గుంటల ముక్క కోసి, అందులో నిమ్మకాయలో గోలీలో వేయిస్తే బ్రెయిలు గడి ఎట్లా ఉంటుందో చేతికి తెలుస్తుంది. ఏ గుంట నిండితే ఏ అక్షరమో ఆటగా వచ్చేస్తుంది. ఆపైన అసలు చుక్కలు.

లెక్కలకు టేలర్ ఫ్రేము అనే పలక ఉన్నది. దాని గుంటలలో చిన్న సీసపు మేకు వంటి ముక్కను ఎనిమిది దిక్కులకు తిప్పి పెట్టవచ్చు. ఏ దిక్కుకు ఉన్నదో తడిమి ఏ అంకెనో చెబుతారు. కూడికలు, తీసివేతలు బారులు తీర్చి చేయటానికి ఇది పనికివస్తుంది.

పూర్తిగా చూపు లేని పిల్లలకంటే మసక చూపు ఉన్న పిల్లలే ఎక్కువ. వీరికి బ్రెయిలు అక్కరలేదు. ముందు వరుసలో, కిటికీ వెలుగు కళ్లలో కొట్టకుండా కూర్చోబెట్టడం, నోటు పుస్తకంలో గీతలను లావు స్కెచ్ పెన్నుతో దిద్ది ఇవ్వడం, బోర్డు మీద రాసేదాన్ని పైకి చదువుతూ రాయడం చాలు. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. అయినా ఎన్ని తరగతుల్లో జరుగుతున్నదో ఎవరికి వారు తమ ఊరి బడికి వెళ్లి చూసుకోవచ్చు.

పెదవుల మీద ఒక్కటే మాట

వినికిడి లేని బిడ్డను మూగ అనడం పొరపాటు. చాలామందికి గొంతు, నాలుక బాగానే ఉంటాయి. మాట చెవిన పడలేదు కనుక నోటికి రాలేదు. అందుచేత వయసు ఇక్కడ ముఖ్యం. మాటలు నేర్చే తొలి మూడేండ్లలో లోపాన్ని గుర్తించి మిషను పెట్టి, మాట్లాడించడం మొదలుపెడితే వచ్చే ఫలితం ఎనిమిదేండ్లకు మొదలుపెడితే రాదు. "మా తాత గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు, వీడూ మాట్లాడుతడు" అని ఎదురుచూసిన ఇళ్లల్లో ఆ విలువైన కాలం చేజారిపోతున్నది. బిడ్డ వెనుక పళ్లెం మోగించి చూసి వినబడుతున్నదని తేల్చుకోవడం కూడా సరికాదు. నీడ కదిలినా, నేల అదిరినా బిడ్డ తిరిగి చూస్తాడు. చెవి డాక్టరు చేత పరీక్ష చేయించడమే మార్గం. 2013లో మొదలైన బాలల ఆరోగ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్యబృందానికి చూపించినా పై ఆసుపత్రికి రాసి పంపుతారు.

శిబిరాలలో ఇచ్చిన చెవి మిషన్లు చాలా ఇళ్లల్లో డబ్బాలోనే ఉన్నాయి. కారణాలు పెద్దవేమీ కావు. బ్యాటరీ అయిపోయింది. లేదా బిడ్డ పెరిగాడు, చెవిలో పెట్టే అచ్చు బిగువు తప్పి కూత పెడుతున్నది. లేదా పెట్టగానే బిడ్డ పీకి పారేశాడు. ఇన్నాళ్లూ నిశ్శబ్దంలో ఉన్న చెవికి ఒక్కసారిగా బస్సు హారను, గిర్నీ మోత వినబడితే పీకేయక ఏం చేస్తాడు? మొదట ఇంట్లో, సద్దు తక్కువగా ఉన్న వేళ, కొద్దిసేపు పెట్టి రోజురోజుకూ పెంచుతూ పోవాలి. చివరికి నిద్ర లేచినది మొదలు పడుకునే దాకా ఉంచాలి. బడి వేళల్లో మాత్రమే పెట్టుకునే మిషను వల్ల మాటలు రావు.

తరగతిలో పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం ఈ పిల్లలకు నేర్పుతారు. ఇది వినడానికి సులభంగా ఉంటుంది. అద్దం ముందు నిలబడి సద్దు చేయకుండా 'పాలు', 'బాలు', 'మాలు' అని పలికి చూస్తే దానిలోని చిక్కు ఎవరికైనా తెలుస్తుంది. మూడింటికీ పెదవులు ఒక్క తీరుగానే కదులుతాయి. 'క', 'గ' వంటివి గొంతు వెనుక పుట్టేవి, బయటికి కనబడవు. కనుక పెదవులను మాత్రమే నమ్ముకున్న పిల్లవాడు సగం మాటలను ఊహించుకుంటూ కూర్చుంటాడు. దానికి తోడు సారు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ సగమూ పోతుంది. పిల్లవానికి ఎదురుగా, వెలుగు తన ముఖం మీద పడేటట్లు నిలబడి, పుస్తకం నోటికి అడ్డం రాకుండా చెప్పడం. చెప్పే వస్తువునో, బొమ్మనో చూపడం. ముఖ్యమైన మాటను బోర్డు మీద రాయడం టీచరు చేయవలసిన పనులు. అరిచి చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. అరిస్తే పెదవుల ఆకారం చెడిపోతుంది.

చేతి సైగల గురించి పెద్ద వివాదమే నడిచింది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యా మహాసభ, సైగలు వదిలి నోటిమాటతోనే బోధించాలని తీర్మానించింది. దాని ప్రభావం నూరేండ్లపాటు ప్రపంచమంతటా కనిపించింది. ఎన్నో బడుల్లో సైగ చేసిన పిల్లల చేతుల మీద దెబ్బలు పడ్డాయి. ఇప్పుడు ఆ గాలి మారింది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషకు కేంద్ర సంస్థ ఏర్పడింది. 2021 నాటికి ఆ సంస్థ నిఘంటువులో పదివేల మాటలు చేరాయి. వీడియోలు సెల్‌ఫోనులో చూడవచ్చు. ఇంటిలోవారూ, పక్క బెంచీ పిల్లలూ యాభై అరవై సంజ్ఞలు నేర్చుకుంటే ఆ బిడ్డకు మాట్లాడే తోడు దొరుకుతుంది. తల్లీబిడ్డల మధ్య ఇంటి సైగలు ఎట్లాగూ ఉంటాయి. వాటిని ఆపవలసిన పని లేదు, వాటి మీదనే కట్టుకుంటూ పోవాలి.

చివరి గుండీ ముందు

బుద్ధి ఎదుగుదల తక్కువ ఉన్న పిల్లలకు చెప్పే తీరు అన్నింటికంటే ఆసక్తికరమైనది. 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ ఈ రంగంలో దేశానికే దారి చూపింది. తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో చిన్న పుస్తకాలు వేసింది. ఆ పద్ధతి మూలసూత్రం ఒక్కటే: పనిని ముక్కలు చేయాలి. గద్వాల నేతగాడు అచ్చు అతికేటప్పుడు వేల పోగులను ఒక్కసారిగా పట్టుకోడు. ఒక్కొక్క పోగునే తీసి ముడివేస్తాడు. ఇదీ అంతే.

చొక్కా తొడుక్కోవడం చూడటానికి ఒక పని. ముక్కలు చేస్తే పది పనులు. చొక్కాను తిన్నగా పట్టుకోవడం, కుడి చేయి దూర్చడం, వెనుక నుంచి లాక్కోవడం, ఎడమ చేయి దూర్చడం, ఆపైన గుండీలు. మొదటి మెట్టు నుంచే నేర్పబోతే పిల్లవాడు రెండవ మెట్టులోనే విసుగెత్తి ఏడుస్తాడు. అందుచేత చివరి నుంచి మొదలుపెట్టమంటారు. చొక్కా అంతా అమ్మనే తొడిగి, గుండీలన్నీ పెట్టి, ఆఖరు గుండీని సగం దూర్చి వదలాలి. దాన్ని పిల్లవాడు లాగితే పని పూర్తయినట్లు. "శెబాష్, అంగీ నువ్వే ఏసుకున్నవ్" అనాలి. అది అబద్ధమేమీ కాదు. పూర్తి చేసింది వాడే. అది వచ్చిన తరువాత ఆఖరు రెండు గుండీలు. ఇట్లా వెనుక నుంచి ముందుకు వస్తారు. ఒక్కొక్క మెట్టుకు వారం పట్టవచ్చు, నెల పట్టవచ్చు. ప్రతి రోజూ పని విజయంతోనే ముగియడం ఇందులోని కిటుకు.

చదువూ ఇదే తీరు. వీరికి ఒకటి నుంచి నూరు వరకు అప్పజెప్పించడం కంటే అయిదు రొట్టెలు లెక్కపెట్టి తెమ్మనడం మేలు. పది రూపాయల నోటు, ఇరవై నోటు పక్కపక్కన పెట్టి రంగును బట్టి, బొమ్మను బట్టి గుర్తుపట్టించి, కిరాణా కొట్టుకు పంపి ఉప్పు పాకెట్టు తెప్పిస్తే అది లెక్కల పాఠమే. తన పేరు, ఊరి పేరు, బస్సు బోర్డు మీద 'వనపర్తి' అన్న మాట, ఆసుపత్రి గుర్తు, కరెంటు ప్రమాదం గుర్తు గుర్తుపట్టగలిగితే తప్పిపోయిన రోజున అదే కాపాడుతుంది. ఏ బిడ్డకు ఏది ముందు నేర్పాలో తల్లిని అడిగి, టీచరు ఒక ప్రణాళిక రాసుకోవాలి. దీన్ని వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. కొన్ని నెలలకొకసారి సరిచూసి, వచ్చినవాటికి టిక్కు పెట్టి, రానివాటిని ఇంకా చిన్న ముక్కలు చేయాలి. పిల్లవాడు నేర్చుకోలేదంటే ముక్క ఇంకా పెద్దదిగా ఉన్నదని అర్థం చేసుకోవాలి తప్ప వాణ్ణి తిట్టరాదు. ఈ ప్రణాళికను తల్లి అడిగి చూడవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు.

తెలివి ఉన్నా అక్షరం రానివారు

ఇంకొక రకం పిల్లలున్నారు. సంతలో కూరగాయల లెక్క నోటితోనే చెప్పగలరు, గేదెను విప్పి కట్టగలరు, సినిమా కథ మొత్తం చెప్పగలరు. పుస్తకం ఇస్తే మాత్రం 'ప', 'వ', 'ష', 'మ' ఒక్కటిగానే కనిపిస్తాయి. ఒత్తు కింద పెట్టాలో పక్కన పెట్టాలో గుర్తుండదు. వీరికి మొద్దు అన్న పేరు పెట్టి అయిదో తరగతిలో బడి మాన్పిస్తుంటారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల లోపాలనే గుర్తించారు. వీరి మాట అందులో లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, చదువులో వచ్చే ఈ ఇబ్బందిని కూడా చేర్చింది.

వీరికి చెప్పవలసిన తీరు మన పెద్దలకు తెలిసినదే. వీధిబడుల్లో ఇసుక పరిచి వేలితో ఓనమాలు దిద్దించేవారు. ఇప్పటికీ అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టుకొని రాయిస్తాం. మరునాటి నుంచి ఆ పళ్లెం అటక మీదికి పోతుంది. ఆ పళ్లెమే కొన్ని నెలలు కింద ఉండాలి. అక్షరాన్ని కంటితో చూస్తూ, నోటితో పలుకుతూ, వేలితో దిద్దడం ఒకేసారి జరిగితే ఒక దారిలో తప్పిపోయినది మరొక దారిలో మనసుకు పడుతుంది. వాకిట్లో ముగ్గుతో పెద్ద 'ప' వేసి దాని మీద నడిపించవచ్చు. చింతగింజలతో పేర్పించవచ్చు. పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారంలో నేర్పకుండా, 'ప' గట్టిపడ్డాక చాలా రోజులకు 'వ' చెప్పడం మరొక జాగ్రత్త. నలుగురిలో లేపి చదివించడం, నవ్వులపాలు చేయడం ఏ రోగానికీ మందు కాదు.

నరాల లోపంతో ఒళ్లు బిగుసుకుపోయే పిల్లల విషయంలో పాఠంకంటే ముందు కూర్చోవడం వస్తుంది. నడుము నిలవని బిడ్డ చేతికి పలక ఇచ్చి ప్రయోజనం లేదు. రెండు గోడలు కలిసే మూలలో దుప్పటి మడతలు దన్నుగా పెట్టి కూర్చోబెడితే రెండు చేతులూ ముందుకు వస్తాయి. పెన్సిలుకు పాత సైకిలు ట్యూబు ముక్కో, గుడ్డ పేలికో చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. కాగితాన్ని పలకకు క్లిప్పుతో బిగించాలి. మెక్సికో దేశపు కొండపల్లెలో పనిచేసిన డేవిడ్ వెర్నర్ 1987లో వెలువరించిన 'డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్' అనే పుస్తకం నిండా ఇటువంటి ఉపాయాలే. కొయ్య, తాడు, గోనె సంచి, పాత టైరు తప్ప అందులో ఖరీదైన సామగ్రి కనిపించదు. ఏ భంగిమ ఏ బిడ్డకు సరిపడుతుందో మాత్రం ఫిజియోథెరపిస్టును అడిగి చేయాలి. బలవంతంగా కాళ్లు చాపించడం, నూనె రాసి గట్టిగా లాగడం చెరుపు చేస్తాయి.

చట్టం ఉన్నది, టీచరేడీ?

1974లోనే కేంద్రం ఇటువంటి పిల్లలను మామూలు బడుల్లో చదివించే పథకం తెచ్చింది. 2009 విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి, తీవ్ర వైకల్యం ఉన్నవారు ఇంటి వద్దనే చదువుకునే హక్కు కల్పించారు. 2016 చట్టం ప్రకారం 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య. దగ్గరి బడియా, ప్రత్యేక పాఠశాలా అన్నది వారి ఇష్టం. కాగితం మీద కొరత లేదు.

కొరత మనుషుల్లో ఉన్నది. ఒక మండలంలోని బడులన్నీ తిరిగి, కేంద్రం నడిపి, ఇళ్లకు కూడా వెళ్లవలసిన ప్రత్యేక టీచర్లు కాంట్రాక్టు కొలువులోనే ఏండ్ల తరబడి ఉన్నారు. తమను క్రమబద్ధం చేయాలని 2024 డిసెంబరులో సమగ్ర శిక్షా ఉద్యోగులు రాష్ట్రమంతటా సమ్మె చేశారు. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, ప్రాథమిక తరగతుల్లో ఇటువంటి పిల్లలు పది మందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లు ఉండాలన్నది. పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయాలని 2025 మార్చి 7న మళ్లీ రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. తెలంగాణలో 2024 డీఎస్సీ నోటిఫికేషను కింద చూపిన 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 1,016 ఉండటం మంచి మార్పే. అందులో 220 స్కూలు అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు. రాష్ట్రంలోని మండలాలన్నింటికీ పంచితే మండలానికి ఇద్దరు కూడా రారు. ఈ లెక్క వేసుకోవడానికి ప్రత్యేక విద్య అక్కరలేదు.

అందుచేత ఊరి బడిలోని మామూలు సారుకు కూడా ఈ తీరు తెలిసి ఉండాలి. వారంలో ఒకటి రెండు రోజులు కేంద్రంలో నేర్చినది మిగిలిన రోజుల్లో తరగతి గదిలో కొనసాగకపోతే నిలవదు. కేంద్రానికి తీసుకుపోవడానికి సమగ్ర శిక్షా కింద రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం ఉన్నాయి. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల ఉపకార వేతనం ఉన్నది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం రావడంతో తల్లులకు ఒక భారం తగ్గింది. బస్సే రాని ఊళ్ల తల్లులకు ఇందువల్ల ఒరిగింది లేదు. చంకన ఎత్తుకొని నడిచేది వారే. బిడ్డ పదేండ్లు దాటి బరువైతే ఆ నడక కూడా ఆగిపోతుంది.

పదో తరగతి దాకా వచ్చినవారికి రాసిపెట్టే సహాయకుని ఏర్పాటు, అదనపు సమయం ఉంటాయి. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలలో గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉన్నది. ప్రధానోపాధ్యాయుని ద్వారా ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. పరీక్ష నాడు అడిగితే దొరకదు. మచిలీపట్నం ప్రాంతపు పల్లెలో పుట్టుకతో చూపు లేకుండా పుట్టి, హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివిన బొల్లా శ్రీకాంత్‌కు పదిలో మంచి మార్కులు వచ్చినా ఇంటర్‌లో సైన్సు ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి సీటు తెచ్చుకున్నాడు. పాఠాలను చెవితో విని చదివాడు. ఆపైన అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగి వచ్చి 2012లో సొంత పరిశ్రమ పెట్టి వికలాంగులకు కొలువులిచ్చాడు. అతనికి తెరవవలసి వచ్చిన తలుపు సైన్సు గది తలుపు. పాలమూరు పల్లెల్లో చాలామందికి ఇంకా ఒకటో తరగతి తలుపే తెరుచుకోవలసి ఉన్నది.

దసరా పోయినంక

ఈ ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉన్నది. అది పాలమూరుకే ప్రత్యేకం. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో పూలు దాటించే రోజుల్లో తల్లికి తెల్లవారుజాము నుంచి తీరిక ఉండదు. పనులు ఒడిసిన తరువాత గుంపు మేస్త్రీలు వస్తారు. అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు పుణె, ముంబయి, హైదరాబాదు దారి పడతాయి. మామూలు పిల్లవాడు ఆరు నెలలు బడి తప్పితే వెనుకబడతాడు. ఈ పిల్లల సంగతి వేరు. అలవాటు తప్పిన చేయి మళ్లీ బిగుసుకుంటుంది. చెవి మిషను మూటలో పోతుంది. వచ్చిన నాలుగు గుండీలు మరిచిపోతాయి. తిరిగి వచ్చాక టీచరు మొదటి మెట్టు నుంచి ఎత్తుకోవలసిందే. కొందరు బిడ్డను నాయనమ్మ దగ్గర వదిలిపోతారు. అరవై ఏండ్ల ముసలమ్మ పన్నెండేండ్ల పిల్లవాణ్ణి ఎత్తి మండల కేంద్రానికి తీసుకుపోవడం అయ్యే పని కాదు.

వెళ్లక తప్పని కుటుంబాలు బయలుదేరే ముందు ఒకసారి భవిత కేంద్రానికి పోయి, బిడ్డ చేత రోజూ చేయించవలసిన నాలుగైదు పనులను నోటు పుస్తకంలో రాయించుకోవడం మంచిది. చదువు రాని తల్లి అయితే టీచరు చేసి చూపించేటప్పుడు ఎవరి చేతనైనా సెల్‌ఫోనులో వీడియో తీయించుకోవచ్చు. చెవి మిషను ఉంటే రెండు జతల బ్యాటరీలు వెంట తీసుకుపోవాలి. సదరం ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు, ఆధారు, బడి ఇచ్చిన కాగితం ఒక సంచిలో ఉంచుకుంటే అక్కడి సర్కారు బడిలో చేర్చవచ్చు. కాగితం లేదని బిడ్డను తిప్పి పంపే అధికారం ఏ బడికీ లేదు. నాయనమ్మ దగ్గర వదిలిపోయేవారు ఆ మాట ఊరి బడి సారుకు, టీచరుకు చెప్పి, ఇంటి వద్దకు వచ్చి చెప్పే జాబితాలో బిడ్డ పేరు రాయించి వెళ్లాలి. రాయించేటప్పుడు బడి రిజిస్టరులో ఉన్న పేరునే చెప్పాలి.